చట్టానికి కోరలు ఎప్పుడో ఉన్నాయి, డ్రమ్ము తెరిచి చూసేవాళ్ళేరి?

దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయారని వార్త వచ్చిన ప్రతిసారీ టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట, చట్టాలు కఠినం చెయ్యాలి, వాళ్ళని ఉరి తియ్యాలి, అధికారులకి ఇంకా పవర్స్ ఇవ్వాలి అని. ఆ కోపం నాకూ ఉంది, మా ఇంట్లోనూ చిన్నపిల్లలున్నారు, మా ఫ్రిజ్ మీద కూడా సిరప్ సీసాలుంటాయి. కానీ నేను కొన్నేళ్ళు ఫార్మా కంపెనీలో క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, అందులోనూ రా మెటీరియల్ సెక్షన్లో పని చేశాను కాబట్టి నాకు ఈ విషయం కాస్త దగ్గర్నుంచి తెలుసు, అందుకే ఈ పోస్టు. నా మాట ఒక్కటే. పవర్స్ చాలావరకు ఎప్పట్నుంచో ఉన్నాయి, వాటిని రోజూ పద్ధతిగా వాడే ఏర్పాటు లేదు, మనం మాత్రం ప్రతిసారీ పవర్స్ గురించే అడుగుతున్నాం.

ముందు జరిగింది చూద్దాం. 2025 సెప్టెంబర్‌లో మధ్యప్రదేశ్ ఛింద్‌వాడా జిల్లా పరాసియా చుట్టుపక్కల పిల్లలకి మామూలు జలుబూ జ్వరమూ వస్తే కోల్డ్‌రిఫ్ అనే సిరప్ రాశారు. కొన్ని రోజులకి పిల్లలకి ఉచ్చ రావడం ఆగిపోయింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి, తల్లిదండ్రులు నాగ్‌పూర్ ఆస్పత్రులకి పరిగెత్తారు, డయాలసిస్ మీద పెట్టారు, అయినా 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఐదేళ్ళలోపు వాళ్ళే. ఆ సిరప్ తయారైంది తమిళనాడు కాంచీపురం జిల్లాలోని శ్రీసన్ ఫార్మాలో. టెస్టు చేస్తే అందులో డైఇథైలీన్ గ్లైకాల్, మేము డీఈజీ అంటాం, 48.6 శాతం వచ్చింది. ఉండొచ్చిన పరిమితి 0.1 శాతం. అంటే సీసాలో దాదాపు సగం విషమే, ఎక్కడో ఒక చుక్క కలిసిపోయింది అనడానికి కూడా లేదు.

ఇది ఎలా వస్తుందో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పారాసెటమాల్ లాంటివి నీళ్ళల్లో సరిగ్గా కరగవు, అందుకని సిరప్‌లో ప్రొపైలీన్ గ్లైకాల్ గానీ గ్లిజరిన్ గానీ సార్బిటాల్ గానీ వాడతారు. ప్రొపైలీన్ గ్లైకాల్లో మందులకి పనికొచ్చే ఫార్మా గ్రేడ్ ఉంటుంది, పరిశ్రమల్లో వాడే ఇండస్ట్రియల్ గ్రేడ్ ఉంటుంది, రెండోది చవక. డీఈజీ అయితే ఇంకో పదార్థం, బ్రేక్ ఆయిల్ లాంటి వాటిలో వాడేది. మూడూ చూడ్డానికి ఒకటే, రంగు లేని చిక్కటి ద్రవం. డీఈజీ తియ్యగా కూడా ఉంటుంది, పిల్లాడు ఉమ్మెయ్యడు. కంటికి, ముక్కుకి, నాలుక్కి ఏమీ తెలియదు, మిషన్ మీద పెడితేనే తెలుస్తుంది.

మా దగ్గర సాల్వెంట్, అంటే మందుని కరిగించే ఇలాంటి ద్రవం, లోడ్ వచ్చిందంటే ముందు క్వారంటైన్‌లో దించి ప్రతి డ్రమ్ముకీ పసుపు లేబుల్ కొట్టేవాళ్ళు, అండర్ టెస్ట్ అని. తర్వాత శాంప్లింగ్ బూత్‌లోకి ఒక్కో డ్రమ్మూ తెచ్చి, బిరడా తీసి, పొడుగాటి స్టీలు గొట్టం అడుగుదాకా దింపి పైన వేలితో మూసి తీస్తే లోపలి ద్రవం వస్తుంది, దాన్ని చిన్న సీసాలోకి వంపి డ్రమ్ము నంబర్ రాయాలి. లోడ్‌లో ఎన్ని డ్రమ్ములుంటే అన్నీ. ఒక్క డ్రమ్ములో తీసి మిగతావాటికి అదే రిజల్ట్ రాసేస్తే కుదరదు, ఎందుకంటే సప్లయర్ దగ్గర ఒక్క డ్రమ్ము మారినా చాలు కదా. తర్వాత ద్రవంలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే జీసీ మిషన్, అంటే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పెడితే గ్రాఫ్‌లో ప్రొపైలీన్ గ్లైకాల్ గీత పైకి లేచే పీక్ ఒకచోట, డీఈజీ ఉంటే దాని పీక్ ఇంకోచోట వస్తుంది. అన్నీ బాగుంటేనే ఆకుపచ్చ లేబుల్. సప్లయర్ పంపిన సీఓఏ, అంటే టెస్టు సర్టిఫికెట్ కాగితంలో ఎంత అందంగా రాసున్నా సరే, మన టెస్టు మనం చెయ్యాల్సిందే. వేసవిలో ఆ బూత్‌లో గౌనూ మాస్కూ వేసుకుని ఈ పని చేస్తే ఒళ్ళంతా చెమట, ప్రొడక్షన్ వాళ్ళేమో మెటీరియల్ ఎప్పుడిస్తారని ఫోన్ల మీద ఫోన్లు. బోరు కొట్టే పనే. కానీ ఆ విషం పిల్లల దాకా వెళ్ళకుండా ఆగే మొదటి చోటు అదే, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు కూడా అదే.

ఈ టెస్టు చెయ్యాలని చట్టంలో లేదా అంటే ఉంది. ప్రతి బ్యాచ్ ముడిసరుకూ, తయారైన మందూ టెస్టు చెయ్యాలని డ్రగ్స్ రూల్స్‌లో లైసెన్స్ షరతుగానే ఉంది, మందుల తయారీ పద్ధతులకి రూలు పుస్తకం లాంటి షెడ్యూల్ ఎం‌లో ఉంది. ఛింద్‌వాడా తర్వాత 2025 అక్టోబర్ 7న దేశంలో మందుల నియంత్రణకి పెద్ద అధికారి డీసీజీఐ అన్ని రాష్ట్రాలకీ లెటర్ రాస్తూ తనిఖీల్లో కొన్ని కంపెనీలు ప్రతి బ్యాచ్ టెస్టు చెయ్యట్లేదని తేలింది, రూల్ పాటించేలా చూడండి అని మళ్ళీ అదే గుర్తుచేశారు. కొత్త రూల్ ఏమీ లేదు ఆ లెటర్‌లో.

ఇన్‌స్పెక్టర్‌కి పవర్ లేదా అంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ సెక్షన్ 22 చదవండి. ఏ ఫ్యాక్టరీలోకైనా షాపులోకైనా వెళ్ళొచ్చు, శాంపిల్ తియ్యొచ్చు, రికార్డులు సీజ్ చెయ్యొచ్చు, ఈ స్టాకు 20 రోజులదాకా కదపొద్దని ఆర్డర్ వెయ్యొచ్చు. లైసెన్సింగ్ అథారిటీ లైసెన్స్ సస్పెండ్ చెయ్యొచ్చు, రద్దు చెయ్యొచ్చు, బ్యాచ్ వెనక్కి తెప్పించమనొచ్చు. కల్తీ మందు వల్ల ప్రాణం పోతే సెక్షన్ 27 కింద కనీసం పదేళ్ళు, యావజ్జీవం దాకా శిక్ష, 10 లక్షలకి తగ్గకుండా జరిమానా, ఆ జరిమానా బాధిత కుటుంబానికే ఇవ్వాలని కూడా ఉంది. ఇంతకన్నా కోరలు ఏం కావాలి?

ఈ శిక్ష ఎలా వచ్చిందో చెప్తే నేననేది ఇంకా బాగా అర్థమవుతుంది. 2003లో మషేల్కర్ కమిటీ నకిలీ మందుల మీద రిపోర్ట్ ఇచ్చింది. అందులో ప్రాణం తీసే నకిలీ మందులకి మరణశిక్ష దాకా సిఫార్సు చేసింది, అదే రిపోర్టులో ప్రతి 50 తయారీ యూనిట్లకి ఒక ఇన్‌స్పెక్టర్, ప్రతి 200 మందుల షాపులకి ఒక ఇన్‌స్పెక్టర్ ఉండాలని కూడా చెప్పింది. పేపర్లలో హెడ్డింగ్ మరణశిక్షదే. ఐదేళ్ళు నానబెట్టి 2008లో చట్టం సవరించి శిక్షలు పెంచారు, మరణశిక్ష పెట్టలేదు కానీ కనీస శిక్షని ఐదేళ్ళ నుంచి పదేళ్ళకి పెంచారు, యావజ్జీవం అంతకుముందే ఉంది. ఆ ఇన్‌స్పెక్టర్ల లెక్క మాత్రం చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ ఖాళీ పోస్టుల కిందే పడుంది. శిక్ష పెంచడానికి పార్లమెంటులో ఒక ఓటు చాలు, పైసా ఖర్చు లేదు. మనిషిని పెట్టాలంటే జీతం ఇవ్వాలి, బండి ఇవ్వాలి, శాంపిల్ కొనడానికి డబ్బులివ్వాలి, ల్యాబ్‌లో కాలమ్‌లు, స్టాండర్డ్‌లు కొనాలి, ప్రతి ఏడూ బడ్జెట్‌లో పెట్టాలి, అందుకే ఎవరూ ఆ జోలికి పోరు.

తమిళనాడు సంగతే చూడండి, ఇది నన్ను బాగా కదిలించింది. మధ్యప్రదేశ్ నుంచి కబురు అందాక అక్టోబర్ 1న ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీకి వెళ్ళి శాంపిల్ తీశారు, దసరా సెలవులు, గాంధీ జయంతి, అయినా ల్యాబ్ నడిపి ఒక్క రోజు తేడాలో రిజల్ట్ తెచ్చారు, 48.6 శాతం అని. ఆ తనిఖీలో ఫార్మా గ్రేడ్ కాని ప్రొపైలీన్ గ్లైకాల్ వాడినట్టు, ఇంకా వందలకొద్దీ లోపాలున్నట్టు రాశారు. ఇంత పని ఇంత తొందరగా చెయ్యగలిగిన డిపార్ట్‌మెంటే అది. కానీ అదే ఫ్యాక్టరీకి 2011 నుంచి లైసెన్స్ ఉంది, అంతకుముందు రెండేళ్ళు తనిఖీకే వెళ్ళలేదని ఇద్దరు సీనియర్ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లని ఆ ప్రభుత్వమే సస్పెండ్ చేసింది. అదే చట్టం, అదే ఆఫీసు, అవే అధికారాలు, అదే ల్యాబు. ఆ అక్టోబర్ 1 తనిఖీ మే నెలలో జరిగుంటే ఏమయ్యేదో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు. వందల లోపాలు రాత్రికి రాత్రి పుట్టవు కదా, గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ళకే సగం కనబడేవి.

ఇది మొదటిసారి అయితే పోనీలే తెలియలేదు అనుకోవచ్చు. 1972లో మద్రాసులో 14 మంది పిల్లలు. 1986లో బొంబాయి జేజే ఆస్పత్రిలో 14 మంది రోగులు, గ్లిజరిన్‌లో ఇదే డీఈజీ, దాని మీద జస్టిస్ లెంటిన్ కమిషన్ ఆస్పత్రి కొనుగోళ్ళ దగ్గర్నుంచి మహారాష్ట్ర మందుల నియంత్రణ శాఖ ఎఫ్‌డీఏ, మంత్రుల దాకా ఎవరెవరు ఎలా చేతులు దులుపుకున్నారో విడమర్చి రాసింది. 1998లో గుర్గావ్‌లో 30 మందికి పైగా పిల్లలు. 2019 చివర్లో, 2020 మొదట్లో జమ్మూ వైపు రామ్‌నగర్‌లో పదిమందికి పైగా. 2022లో గాంబియాలో 70 మంది దాకా, మన హర్యానా కంపెనీ సిరప్‌లతో అని డబ్ల్యూహెచ్‌వో చెప్పింది. విషం ఒక్కటే, అది లోపలికొచ్చిన దారీ ఒక్కటే, టెస్టు చెయ్యని ముడిసరుకు. అయిదు దశాబ్దాలుగా!

గాంబియా కేసులో ఇంకో విషయం ఉంది. ఆ కంపెనీ మందులు నాసిరకం అని 2011లోనే బీహార్ బ్లాక్‌లిస్ట్‌లో పెట్టింది, కేరళలోనూ శాంపిల్స్ ఫెయిలయ్యాయి, వియత్నాం కూడా తప్పు పట్టిన కంపెనీల్లో అదొకటి. ఇన్ని చోట్ల ఇన్ని కాగితాలు ఉన్నా అవన్నీ ఒకచోట చేర్చి ఈ ఫ్యాక్టరీకి ముందు వెళ్ళండి అని చెప్పే మనిషి లేడు. ఒక రాష్ట్రంలో ఫెయిలైతే లైసెన్స్ ఇచ్చిన రాష్ట్రానికి లెటర్ వెళ్తుంది, అక్కడ అది ఫైల్లో కూర్చుంటుంది. ఫెయిలైన శాంపిల్స్ లిస్టు నెలనెలా కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ పెడుతూనే ఉంటుంది, ఎవరి శాంపిల్స్ మళ్ళీ మళ్ళీ ఫెయిలవుతున్నాయో చూసి తనిఖీల వరుస మార్చుకోవడానికి ఏ పవరూ అక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీటూ దాని మీద కూర్చునే ఓపికా చాలు.

గాంబియా తర్వాత 2023 జూన్ 1 నుంచి విదేశాలకి పంపే దగ్గు మందులు ప్రభుత్వ ల్యాబ్‌లో టెస్టు చేయించి సర్టిఫికెట్ ఉంటేనే ఎగుమతి చెయ్యాలని పెట్టారు. మంచిదే. మరి మన పిల్లలు తాగేదానికి? దానికి ఆ టెస్టు లేదు. బయట పరువు పోతుందంటే కొన్ని నెలల్లో ల్యాబ్‌లూ పోర్టులూ అన్నీ కుదిరాయి, అంటే చెయ్యాలనుకుంటే ఏర్పాటు అవుతుందన్నమాట.

ఇంకోటి కూడా, కోల్డ్‌రిఫ్‌లో పారాసెటమాల్‌తో పాటు క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ ఉన్నాయి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని, లేబుల్ మీద ఆ మాట వెయ్యాలని 2023 డిసెంబర్‌లోనే డీసీజీఐ ఆర్డర్ ఇచ్చారు. అధికారం వాడారు, ఆర్డర్ వచ్చింది. దాదాపు రెండేళ్ళ తర్వాత కూడా ఆ వయసు పిల్లలకి అలాంటి సిరప్ రాస్తూనే ఉన్నారు, అమ్ముతూనే ఉన్నారు. ఆర్డర్ వెబ్‌సైట్‌లో పెట్టేస్తే పరాసియాలో క్లినిక్ దాకా, పక్కనున్న మెడికల్ షాపు దాకా ఎలా చేరుతుంది? చేర్చడం ఎవరి డ్యూటీ అని అడిగితే పేరు చెప్పగలరా ఎవరైనా?

శాంపిల్ వ్యవహారం కూడా ఒకసారి చూడండి. ఇన్‌స్పెక్టర్ షాపులో శాంపిల్ తీస్తే ఫారం 17 ఇవ్వాలి, నాలుగు భాగాలు చేసి సీల్ వెయ్యాలి, షాపువాడికొకటి, ల్యాబ్‌కొకటి, కోర్టుకొకటి, తయారీదారుకొకటి. ల్యాబ్ రిపోర్ట్ ఇవ్వడానికి 60 రోజుల గడువు. రిపోర్ట్ మీద కంపెనీ అభ్యంతరం చెప్పి కోల్‌కతా సెంట్రల్ డ్రగ్స్ ల్యాబ్‌లో మళ్ళీ టెస్టు అడగొచ్చు. కోర్టులో నిలబడాలంటే ఇవన్నీ ఉండాలి, నేను కాదనను. కానీ శిక్ష వెయ్యడానికి కట్టిన దారి ఇది, రేపు పొద్దున ఇంకో పిల్లాడు ఆ మందు తాగకుండా ఆపడానికి వేరే దారి ఉండాలి, ఆస్పత్రిలో ఇద్దరు పిల్లలకి కారణం తెలియని కిడ్నీ ఫెయిల్యూర్ రాగానే ఎవరికి ఫోన్ చెయ్యాలి, సీసా ఏ ల్యాబ్‌కి ఎవరు చేత్తో పట్టుకెళ్ళాలి, హోల్‌సేలర్ దగ్గర్నుంచి ఏ బ్యాచ్ ఎన్ని షాపులకి వెళ్ళిందో గంటలో ఎలా తెలుసుకోవాలి, ఇవన్నీ ముందే రాసిపెట్టుకుని, అప్పుడప్పుడూ రిహార్సల్ చేసి ఉండాలి. ఛింద్‌వాడా బ్యాచ్ ఎస్ఆర్-13 వాడొద్దని మన తెలంగాణ మందుల నియంత్రణ శాఖ డీసీఏ అక్టోబర్ మొదటివారంలోనే అలర్ట్ ఇచ్చింది, తర్వాత మరో రెండు సిరప్‌ల మీద కూడా ఇచ్చింది, అది మంచి పని. అలాంటిది ప్రతి జిల్లాలో చివరి షాపుదాకా చేరిందని చూసుకునే పద్ధతి కూడా ఉంటే ఇంకా బావుంటుంది.

డ్రగ్స్ డిపార్ట్‌మెంట్‌లో పని చేసిన ఒక అన్నయ్యతో ఈ విషయం మీద చాలాసేపు వాదన అయింది. ఆయన మాట, నువ్వు ల్యాబ్ మనిషివి, నీకు తెలియదురా, కేసు పెడితే ఏళ్ళు పడుతుంది, పెద్దమనుషులు ఫోన్లు చేస్తారు, 2023 జన్ విశ్వాస్ చట్టంతో సెక్షన్ 27(డి) కింద వచ్చే నాసిరకం మందుల కేసులు రాజీకి కూడా వదిలేశారు, భయం లేకపోతే ఎవడూ వినడు అని. అందులో న్యాయం ఉంది. భయం అక్కర్లేదని నేననను. నిజంగా పవర్ లేని చోటు కూడా ఒకటుంది, తయారీ లైసెన్స్ రాష్ట్రం ఇస్తుంది కాబట్టి కేంద్రం దాన్ని తనంతట తాను రద్దు చెయ్యడానికి వీల్లేదు. శ్రీసన్ విషయంలో కూడా కేంద్రం సిఫార్సు చేసింది, తమిళనాడు రద్దు చేసింది. ఇది మార్చాలంటే మార్చనివ్వండి, నేను సపోర్ట్ చేస్తా.

పవర్ లేకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది కూడా. 1937లో అమెరికాలో ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే మందులో ఇదే డీఈజీ వాడితే 100 మందికి పైగా చనిపోయారు. అప్పటి చట్టంలో మందు అమ్మేముందు అది సురక్షితమో కాదో చూపించాలన్న రూలే లేదు, ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి పేరు తప్పు అన్న ఒక్క సాకుతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సరుకు పట్టుకుంది. మరుసటి ఏడు 1938లో కొత్త చట్టం వచ్చింది. కాబట్టి చట్టం అవసరమే. కానీ అదే కథలో జనం మర్చిపోయే సగం ఉంది. ఆ బలహీనమైన చట్టంతోనే ఎఫ్‌డీఏ తన ఫీల్డ్ స్టాఫ్ మొత్తం, 239 మంది, రోడ్డెక్కించి సేల్స్‌మెన్ల లిస్టులు, షాపుల చిట్టాలు, డాక్టర్ల ప్రిస్క్రిప్షన్లు పట్టుకుని ఒక్కో సీసా వెతికించి, తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్ల పైచిలుకు వెనక్కి తెచ్చింది. కంప్యూటర్లు లేని రోజుల్లో! మనకి క్యూఆర్ కోడ్‌లున్నాయి, జీఎస్టీ బిల్లులున్నాయి, డిస్ట్రిబ్యూటర్ల దగ్గర సాఫ్ట్‌వేర్లున్నాయి.

అన్నయ్యతో నేనన్నది కూడా అదే, భయం ఎక్కడ పుడుతుంది? యావజ్జీవం అని పుస్తకంలో రాసుంటే ప్రొపైలీన్ గ్లైకాల్ బిల్లు లేకుండా కొనేవాడు భయపడడు, వాడు ఆ పుస్తకం చదవడు కూడా. ఈ నెలలో ఏదో ఒక రోజు ఎవరో వచ్చి స్టోర్‌లో డ్రమ్ము దగ్గర నిలబడి దీని జీసీ రిపోర్ట్ ఏది, దీని బిల్లు ఏది అని అడుగుతారని తెలిస్తే భయపడతాడు. మా కంపెనీలో ఆడిట్ ఉందంటే నెల ముందునుంచే లాగ్‌బుక్‌లు సరి చూసుకునేవాళ్ళం, ఎందుకంటే ఆడిటర్ వస్తాడని గ్యారంటీ కాబట్టి. జైలు గురించి అక్కడ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

చిన్న కంపెనీల కష్టం కూడా నాకు తెలుసు. జీసీ మిషన్ లక్షల్లో ఉంటుంది, నడపడానికి అనలిస్ట్ కావాలి, సవరించిన షెడ్యూల్ ఎం అందుకోలేమని గడువు అడిగితే 2025 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. కానీ డీఈజీ టెస్టుకి గడువు ఏంటండీ, అది పాత షెడ్యూల్‌లో కూడా తప్పించుకోడానికి లేని పనే. సొంతంగా చేసుకోలేనివాళ్ళకి జీడిమెట్ల, బొల్లారం లాంటి పారిశ్రామికవాడల్లో ప్రభుత్వమే ఒక కామన్ ల్యాబ్ పెట్టి, తక్కువ ఫీజుకి ఒక్క రోజులో గ్లైకాల్ టెస్టు చేసిస్తే ఎన్ని దాడులకి సమానం అది! 2025 అక్టోబర్ చివర్లో ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ లాంటి హైరిస్క్ సాల్వెంట్లని బ్యాచ్ వారీగా ఆన్‌లైన్ పోర్టల్‌లో ట్రాక్ చెయ్యాలని డీసీజీఐ ఆర్డర్ ఇచ్చారు. ఇన్నేళ్ళలో నాకు నిజంగా ఆశ కలిగించిన ఆర్డర్ అది, ఎందుకంటే శిక్ష గురించి కాకుండా డ్రమ్ము గురించి మాట్లాడింది. దాన్ని నామ్‌కే వాస్తే నడపకుండా ఎవరో ఒకరు రోజూ ఆ డేటా చూడాలి, అంతే.

ఆర్టీఐ వెయ్యడానికి అప్లికేషన్ రాస్తున్నాను, రెండు తెలుగు రాష్ట్రాలకీ. అడగాలనుకున్నవి ఇవి. ఓరల్ లిక్విడ్స్ తయారుచేసే యూనిట్లు ఎన్ని, ఒక్కోదానికీ ఆఖరి తనిఖీ తేదీ ఎప్పుడు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు మంజూరైనవెన్ని ఖాళీలెన్ని, గడిచిన ఏడాది తీసిన సిరప్ శాంపిల్స్‌లో ఎన్నింటికి డీఈజీ టెస్టు చేశారు, ఒక్కో రిపోర్ట్‌కి సగటున ఎన్ని రోజులు పట్టింది, ఫెయిలైన బ్యాచ్‌లలో ఎంత సరుకు వెనక్కి వచ్చింది. ఇంకేమైనా కలపాలంటే కింద కామెంట్‌లో రాయండి, ముఖ్యంగా క్యూసీలో, డిస్ట్రిబ్యూషన్‌లో, డ్రగ్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు. జవాబులు వచ్చాక ఎలా ఉన్నవి అలా ఇక్కడే పెడతాను.